సర్కారు పుంజు

లింగమూర్తి మంచోడే. గీ మాట ముందుగాల్నే చెప్పి పెడుతున్న, లేకపోతే కథ సాంతం ఇన్నంక ఆయన మీద మీరు తుపుక్కున ఉమ్మేస్తరు. మంచోనికి నౌకరి దొరికితే ఏమైతదో చెప్పుతందుకే గీ కథ మొదలువెట్టిన.

పంచాయతీ సమితులు కొత్తగ పెట్టిన దినాలవి. నిజాం రాజ్యం పోయి, హైద్రాబాద్ స్టేటు పోయి, ఆంధ్రప్రదేశ్ అన్న పేరు ఇంకా మా నాలుకలకు అలవాటు గాలే. గప్పుడు ఊర్లను బాగుచేస్తమని సర్కారు గ్రామసేవకులను తోలింది. లింగమూర్తిది జగిత్యాల దిక్కు. మెట్రిక్ పాసై, ట్రేనింగ్ జేసి, ఒక సైకిలు, ఒక ఖాకీ సంచి, ఒక నల్ల ఛత్రి తోటి ఇచ్చోడల దిగి, గక్కడనే ఒక అర్ర కిరాయికి తీసుకున్నడు. ఇచ్చోడ నుంచి అడివి బాట పట్టి పోతే మొర్రిగూడ వస్తది. గా ఊరు, దాని చుట్టుపక్కల పల్లెలు ఆయనకు అప్పజెప్పిండ్రు.

పనేందంటే, పుట్టిన కాన్నుంచి ఎవుసం చేసెటోళ్లకు ఎవుసం నేర్పుడు. నవ్వకుండ్రి, నిజమే చెప్తున్న. ఆయన బాపుది కిరాణ దుకాణం. నాగలి మేడి ఏ చేత్తోని పడ్తరో లింగమూర్తికి పుస్తకంల చూస్తెనే ఎర్క. అయినా పొద్దుగాల లేసి ఇల్లిల్లు తిరిగి, ఎరువు గుంత తవ్వుండ్రి, పొగ రాని పొయ్యి కట్టుండ్రి అని గొంతు పోయేదాక చెప్పెటోడు. ఊరోళ్లు బుద్ధిగ ఇనెటోళ్లు. "గట్లనే సారూ" అనెటోళ్లు. ఆయన సైకిలు మూల తిరగంగనే ఎవల పనికి వాళ్లు పోయెటోళ్లు. మొక్కుబడికి తవ్విన ఎరువు గుంతల్ల బర్లు పండేటియి. పొగ రాని పొయ్యిల కోడి పొదిగేది. వాళ్లను తప్పువట్టేది లేదు. సర్కారోడు వచ్చి ఏదన్న తీస్కపోవుడే గని ఇచ్చిపోవుడు వాళ్లు ఎన్నడు చూడలే.

ఊరంతట్ల లింగమూర్తి మాట నమ్మిన మనిషి ఒక్క బాలవ్వ. ముసల్ది. మొగడు పోయి చానేండ్లాయె, ఉన్న ఒక్క బిడ్డను ఆసిఫాబాద్ దిక్కు ఇచ్చింది. ఒక చిన్న చెల్క భూమి, ఒక గుడిసె, గుడిసె నిండ కోళ్లు. గంతే ఆమె సంసారం. ఎరువు గుంత తవ్వమంటే తవ్వింది, పొగ రాని పొయ్యి కట్టమంటే కట్టింది. "నీకేమన్న పిచ్చా ముసల్దానా" అని పక్కింటోళ్లు నవ్వితే ఆమె ఒక్కటే మాట అన్నది. "సదువుకున్న పోరడు, గింత ఎండల సైకిలు తొక్కుకుంట వచ్చి నాకు చెప్తుండు. అబద్ధమాడుతందుకు ఎవడన్న గింత దూరం వస్తడా?"

గీ మాట లింగమూర్తి చెవినవడ్డది. ఆ దినం ఆయన రొమ్ము ఇంత పొంగింది. బాలవ్వ ఆయనను "కొడుకా" అనేది. పరాయి దేశంల అవ్వ దొరికిందని సంబురపడ్డడు.

ఫికర్ ఏందంటే, నౌకరి టెంపరవరి. జగిత్యాల్ల పిల్ల కుదిరింది గని పిల్ల తండ్రి పెడసరపు మనిషి. "పర్మనెంటు అయినంకనే పుస్తె, అంతదాక లగ్గం మాట ఎత్తేది లేదు" అని కూసున్నడు. గట్ల లింగమూర్తి నౌకరి, లగ్గం రెండు ఒక్క ఆర్డరు కాయిదం మీద ఏలాడుతున్నయి.

ఆ ఎండకాలం సర్కారుకు కోళ్ల మీద మనసువడ్డది. మన కోళ్లు చిన్న గుడ్లు పెడుతున్నయట. సీమ పుంజును ఊర్లె ఇడిస్తే పుట్టే పిల్లలు పెద్ద గుడ్లు పెడతయట. ఒకనాడు పొద్దుగాల మొర్రిగూడకు జీపు వచ్చింది. ముంగట సీట్ల సమితికి పెద్ద అయిన బీడీవో జగపతిరావు, ఆయన పక్కన గంపల పుంజు. ఎనుక చువ్వలు పట్టుకొని దుమ్ముల మునిగిన లింగమూర్తి. పుంజు తెల్లగ మల్లెపువ్వు లెక్కుంది. తలకాయ మీది ఎర్ర జుట్టు ఒక పక్కకు వాలింది.

జగపతిరావు జీపు మీద చెయ్యి పెట్టి బగ్గ సేపు మాట్లాడిండు. ఆఖరికి అసలు ముచ్చట చెప్పిండు. "ఈ పుంజు పని జేయాల్నంటే ఊర్ల ఇంకొక్క పుంజు ఉండద్దు. మీ పుంజులను కోసుకొని తింటరో, అంగట్ల అమ్ముకుంటరో మీ ఇష్టం. ఉండద్దు, గంతే."

హనుమండ్లు అని ఒకడుండు ఊర్లె, వాని నోరు ఊకుండదు. "అంటే సారూ, ఊరంతటికి ఒక్కడే మొగడా?" అన్నడు. ఆడోళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నరు. లింగమూర్తి ముఖం ఎర్రబడ్డది.

పుంజును సాదుతందుకు బాలవ్వకిచ్చిండ్రు. ఆమెకొక ఎర్ర పుంజుండె. కోడిపిల్ల అయినప్పటి సంది చేతుల మీద పెంచింది. లింగమూర్తి వచ్చి "తీసెయ్యాలె అవ్వా, సర్కారు హుకుం" అన్నడు. బాలవ్వ ఒక పూట బువ్వ తినలే. రెండో దినం దాన్ని పోచమ్మ గుడి కాడ కోసి, తల్లికి ఒప్పజెప్పి వచ్చింది. "నువ్వు చెప్పినవ్ గద కొడుకా, నా మంచికే ఉంటది" అన్నది. మిగిలిన ఇండ్లళ్ల సుత లింగమూర్తి తిరిగిండు. అందరు గట్లనే అన్నరు. వారం దినాలకు చూస్తే ఊర్ల ఎక్కడ పుంజు కనవడలే, ఇనవడలే. లింగమూర్తి సంబురంగ పైకి రాసిండు, మొర్రిగూడల దేశి పుంజు ఒక్కటి లేదని. సమితి మొత్తంల గింత మంచిగ పని అయిన ఊరు ఇంకోటి లేదని జగపతిరావు మెచ్చుకున్నడు.

ఇగ సర్కారు పుంజు ముచ్చట. అది పొద్దు బారెడెక్కినంక లేసేది. లేసి రెక్కలు దులుపుకొని, జొన్నలు మేసి, ఒకపాలి కూసేది. ఎండైతే నీడకు జరిగేది, వానైతే ఇంట్లకు ఉరికేది. పెట్టలు ముంగట నుంచి పోతుంటే తలకాయ తిప్పి చూసేది, మల్ల కండ్లు మూసుకునేది. హనుమండ్లు పొద్దూక వచ్చి దాని ముంగట కూసునెటోడు.

"సారూ, గిది అసలు సిసలు సర్కారు నౌకరు. పని తక్వ, దాణా ఎక్వ. దీనికి పింఛను సుత ఉంటదా?"

"ఉంటదేమో, అది పర్మనెంటు. నేనే టెంపరవరి" అని లింగమూర్తి నవ్విండు. నవ్విండు గని లోపల సుర్రుమన్నది.

వానలు పడ్డయి. ఒకనాడు సమితి ఆఫీసుకు పిలిపించి జగపతిరావు చెప్పిండు, జిల్లా నుంచి పెద్ద సాబు వస్తుండని. కోళ్లంటే ఆయనకు పానమట. మొదలు మొర్రిగూడకే వస్తడట. "లింగమూర్తీ, నీ పర్మనెంటు ఆ పుంజు కాళ్ల కాడున్నది. మంచిగ కడిగి, తుడిచి తయారువెట్టు."

లింగమూర్తి ఉరికురికి సైకిలెక్కిండు. నడి అడివిల మొగులు పగిలింది. ఛత్రి గాలికి తిర్లవడ్డది. సైకిలు బురదల దిగవడితే భుజాన ఏసుకొని నడిచిండు. పొద్దుగాల నుంచి కడుపుల ఏం లేదు. మొర్రిగూడ చేరేసరికి పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. సీద బాలవ్వ గుడిసెకే పోయిండు. ఆమె చూసి లబోదిబోమన్నది. తల తుడిచి, మొగని గొంగడి కప్పి, పొయ్యి పక్కన పండవెట్టింది. పుంజు మాట ఎత్తుదామనుకుంటనే ఆయన నిద్రవోయిండు.

లేసేసరికి వాన ఎలిసింది. గుడిసె నిండ మసాల వాసన. ఎల్లిపాయ కారం, ఎండు కొబ్బరి ఏసి ఉడికించిన కూర వాసనకు కడుపుల పేగులు లేసి కూసున్నయి. బాలవ్వ మోదుగాకు ఇస్తారేసి జొన్న రొట్టెలు, కూర పెట్టింది. లింగమూర్తి ఇస్తారి మీదికి వంగిండు. తిన్నడు. రొట్టె షేర్వల ముంచి తిన్నడు, ముక్క నోట్లేసుకొని బొక్క చీకిండు. ఇంకింత ఏస్తే వద్దనలే. కాలు ముక్క తిన్నడు, రెండో కాలు సుత ఆమె ఇస్తార్ల ఏస్తే అది సుత తిన్నడు.

"నువ్వు తినవానే అవ్వా?"

"నేను ఇందాకనే తిన్న కొడుకా, నువ్వు తిను."

చెయ్యి కడుక్కొని, తేన్చి, గోడకు ఒరిగినంక గప్పుడు యాదికొచ్చింది. "అవ్వా, పుంజునేడ పెట్టినవ్? జర తీస్కరా. పెద్ద సాబు వస్తుండు, దాన్ని కడగాలె."

బాలవ్వ ఆయన దిక్కు చూసింది, ఇస్తార్ల బొక్కల దిక్కు చూసింది. "ఇగో, గిదే గద కొడుకా" అన్నది.

లింగమూర్తికి జరసేపు ఏం సమజ్ కాలే. అయినంక గోడ పట్టుకున్నడు.

"నువ్వు గజగజ వణుక్కుంట వస్తివి. వానల నడిచొచ్చిన మనిషికి, అందుల సర్కారు మనిషికి, పుంజు కోసి పెట్టకపోతే పరువుంటదా? పెట్టను కోద్దామంటే గుడ్ల మీదున్నయి. చుట్టాలకు పెట్టను కోసినోళ్ల ఇల్లు ఉంటదా? ఊర్లె నాలుగిండ్లు తిరిగి పుంజు బదులడిగిన. ఎవలింట్ల లేదన్నరు. నువ్వే తీసేపిస్తివాయె." బాలవ్వ తాపీగ చెప్పుకొచ్చింది. ఆమెకు ఇందుల తప్పే కనవడలే. "అయినా పుంజు సర్కారుది, నువ్వు సర్కారోనివి. మాదేం పోయింది? శిస్తు చూసే గిర్దావరు వచ్చినా, పోలీసు అమీను వచ్చినా ఇన్నేండ్ల సంది మా కోళ్లనే తిన్నరు. గీ ఒక్కపాలి సర్కారు తన కోడి తనే తిన్నది."

దానికి బదులు చెప్పుతందుకు లింగమూర్తి మెట్రిక్ సదువు సరిపోలే. తిట్టుదామా అంటే పెట్టిన చెయ్యి. ఏడుద్దామా అంటే మొగోడు. లేసి పటేల్ ఇంటికి పోయిండు.

పటేల్ రామకిషన్‌రావు పెద్ద భూమి ఉన్నోడు, ఊరికి పెద్దమనిషి. ముచ్చట ఇని, కడుపు పట్టుకొని, కుర్చీల నుంచి కిందవడేటట్టు నవ్విండు. నవ్వు సప్పుడుకు బెదిరి పెరట్ల నుంచి ఒక పుంజు కూసింది. దానికి బదులుగ పక్కింట్ల నుంచి ఇంకోటి. అటెన్క ఊరంత.

"అదేంది పటేలా?" లింగమూర్తి నోరు తెరిచిండు.

"ఏంది అంటే? పుంజులయ్యా. నీ సైకిలు గంట ఇనవడంగనే అందరు గంపల కింద మూస్తరు, పైన గొంగడి కప్పుతరు. చీకటైందనుకొని అవి కూయయి. ఇయ్యాల గంట కొట్టలే కావచ్చు నువ్వు."

"బాలవ్వ అడిగితే లేదన్నరట గద!"

"ఆమెకెవడు చెప్తడయ్యా? ఆమె నీ మనిషి. నీకు చెప్తదని భయం. దూరం కూత ఆమె చెవులకు ఆనది, ఆమె వచ్చినప్పుడు సుత గంపలు మూస్తరు." రామకిషన్‌రావు కండ్లు తుడుచుకున్నడు. "ఊర్లె నీ మాట ఇని పుంజును కోసుకున్నది ఆమె ఒక్కతే."

లింగమూర్తికి ముఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే. ఊరంత మోసం చేసిందన్న కోపం రావాలె, రాలే. నమ్మిన ఒక్క మనిషి ఇంట్లనే పుంజు లేకుంట చేసి, ఆఖరుకు ఆమె పెట్టిన కూడే తిని వచ్చిన గద అని తలకాయ వంగిపోయింది.

ఉపాయం పటేలే చెప్పిండు. అడివి పిల్లి ఎత్తుకపోయిందని చెప్తె అయిపాయె, అడివి ఊర్లె పిల్లులకేం తక్వ. లింగమూర్తి మల్ల బాలవ్వ కాడికి పోయి బతిమాలిండు. "తిన్నది మనిషాయె, పిల్లి మీద ఎందుకు పెట్టుడు కొడుకా?" అన్నది ఆమె. "నా నౌకరి పోతదే అవ్వా" అంటే మెత్తవడ్డది. "నౌకరి పోతదా? గట్లయితే పిల్లే తిన్నదంట తియ్యి."

పెద్ద సాబు వచ్చిండు. కోస్తా దిక్కు మనిషి, తెల్ల బట్టలు, నవ్వు ముఖం. ఊరంత పటేల్ ఇంటి ముంగట జమయింది. పుంజు ఏదంటే, జగపతిరావు లింగమూర్తి దిక్కు చూసిండు. లింగమూర్తి బాలవ్వ దిక్కు చూసిండు. బాలవ్వ చేతులు జోడించి, "అడివి పిల్లి ఎత్తుకపోయింది సారూ" అని సదువు ఒప్పజెప్పినట్టు ఒప్పజెప్పింది.

"అయ్యో పాపం" అన్నడు సాబు. నిజంగనే బాధపడ్డడు. "పిల్లి పట్టుకుంటే ఈకలైనా పడుంటాయి కదమ్మా. ఎటు వెళ్లిందో తెలుస్తుంది. ఈకలేవీ?"

"ఈకలా సారూ? అవి నేనే పెంటకుప్పల పారబోసిన. ఉడుకు నీళ్లు పోసి పీకితే చేతులకు అంటుకుంటయి గద, ఇంట్ల ఎట్ల పెట్టుకుంట?"

హనుమండ్లు రెండు చేతుల తోటి ముఖం కప్పుకున్నడు. జగపతిరావు ముఖం నల్లగ మాడింది. "పిల్లి ఉడుకు నీళ్లు పోసి పీకుతదా? ఎవలు తిన్నరు? చెప్పు!"

మా దిక్కు ఒక కట్టుబాటున్నది. నీ ఇంట్ల ఎవడు తిన్నడో, ఎంత తిన్నడో నలుగుట్ల చెప్పద్దు. చెప్తె పెట్టిన పుణ్యం పోతదంటరు. అందుకే బాలవ్వ నోరు తెరువలే. ఏం చెప్పమంటవు కొడుకా అన్నట్టు ఒక్కపాలి లింగమూర్తి దిక్కు చూసింది. గంతే. ఆ చూపు ఆయనకు గట్ల కనవడలే. అయిపాయె, నా పేరు చెప్తది అనుకున్నడు. జగిత్యాల్ల పిల్ల, పిల్ల తండ్రి, ఆర్డరు కాయిదం, అన్ని కండ్ల ముంగట గిర్రున తిరిగినయి.

"ఆమెనే తిన్నది సార్" అన్నడు లింగమూర్తి. "ముసల్ది, ఆశకు ఆగలేక కోసుకొని తిన్నది. నేను ఊర్లె లేని యాళ్ల చూసి."

ఊరంతటికి ఎర్కే ఎవరు తిన్నరో. ఆ దినం కూర వాసన వాడంత వచ్చింది. ఒక్కడు కిక్కురుమనలే. హనుమండ్లు నోరు తెరువబోయిండు గని బాలవ్వ వాని దిక్కు ఒక్క చూపు చూసింది, వాడు మూసుకున్నడు.

"ఔ సారూ. నేనే తిన్న" అన్నది బాలవ్వ.

"దొంగ ముసల్దానా!" జగపతిరావు గాయిగాయి చేసిండు. "సర్కారు సొమ్ము అనుకున్నవా, నీ అయ్య సొమ్ము అనుకున్నవా? ఇసుంటోళ్లకు ఏమిచ్చినా గంతే!" దొంగ అన్న మాట ఇన్నప్పుడు బాలవ్వ పెదవులు కదిలినయి. గింత పొడుగు బతుకుల ఆమెను ఎవరు గా మాట అనలే. లింగమూర్తి తన చెప్పుల దిక్కు చూసుకుంట నిలవడ్డడు.

సాబుకు ముసల్ది మీద జాలి కలిగింది. కోపాన్ని నవ్వులకు తిప్పుదామనుకున్నడు. "పోనీలెండి జగపతిరావుగారూ, అయిపోయిందేదో అయిపోయింది. ఏమ్మా, ఇంతకీ ఎలా ఉంది మా సీమ పుంజు? మాంసం మెత్తగా ఉందా, పీచుగా ఉందా?"

బాలవ్వ పరేషాన్ అయింది. పిల్లి అబద్ధమైతే ఒకరు నేర్పిండ్రు. దీనికి ఏం చెప్పాల్నో ఎవరు నేర్పలే.

"షేర్వ మంచిగనే ఉండె సారూ, అడుగున ఇంత మిగిలితే రొట్టె అద్దుకున్న" అన్నది. "ముక్కల సంగతి నాకు తెల్వది."

సాబు నవ్వు ఆగింది. ఆయన బాలవ్వను చూసిండు. అటెన్క నెమ్మదిగ లింగమూర్తి దిక్కు తిరిగి, కాళ్ల నుంచి తలకాయ దాక చూసిండు. లింగమూర్తికి ఆ నడిబజార్ల బట్టలు లేకుంట నిలవడ్డట్టే అయింది. ఇగ సాబు అడుగుతడు, నేను చెప్పేస్త, నౌకరి పోతే పాయె అనుకున్నడు. నిజంగ అనుకున్నడు. మాట గొంతు దాక వచ్చింది. సాబు అడగలే. చేతి గడియారం చూసుకున్నడు.

"భోజనం ఎక్కడండీ?" అన్నడు.

గొంతు దాక వచ్చిన మాట గక్కడనే ఆగిపోయింది. అడగకపోతే చెప్పుతందుకు రాదా? రాలే. ఆయన అందరెనుక పటేల్ ఇంట్లకు నడిచిండు.

పటేల్ ఇంట్ల పీటలేసిండ్రు, ఇస్తార్లేసిండ్రు. కోడి కూర, కోడి ఏపుడు, కోడి పులావు. దేశి పుంజు ఒక్కటి లేదని రాసిన ఊర్లె గిన్ని పుంజులు ఎక్కడియని బీడీవో అడగలే, సాబు అడగలే. "నాటుకోడి రుచే వేరండీ" అని సాబు ఏళ్లు నాకిండు. పెద్దోళ్ల వరుసల చివరికి లింగమూర్తిని కూసోవెట్టిండ్రు. ఆయన ముక్క ముట్టకుంట మెతుకులు కెలుకుతుండు.

సాబు అంత దూరం నుంచి పిలిచిండు. "తినవయ్యా లింగమూర్తీ! మొహమాటమెందుకు, నీకు అలవాటేగా."

జగపతిరావు నవ్విండు. పటేల్ నవ్విండు. లింగమూర్తి సుత నవ్విండు, నవ్వి, ముక్క నోట్లేసుకొని మింగిండు. ఆ దినం జరిగినదాంట్ల ఇదే ఆయనకు ముసల్తనం దాక యాదికుండె. బాలవ్వ మీద నేరం పెట్టిన మాటన్న భయంల నోరు జారిందనుకోవచ్చు. గీ ముక్క మాత్రం నిమ్మలంగ నమిలి మింగిండు.

జీపు పోయింది. లింగమూర్తి బాలవ్వ ఇంటి దిక్కు పోలే. వాగు పక్క నుంచి చుట్టు తిరిగి పోయిండు. ఇయ్యాల కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి పోయి కాళ్ల మీద పడదామనుకున్నడు. పడలే. ఊరోళ్లు తిడ్తరేమో, నిలదీస్తరేమో అని గుండె దిటవు చేసుకొని ఊర్లెకు వచ్చెటోడు. ఎవరు ఏమనలే. హనుమండ్లు ఎగతాళి బంద్ చేసిండు. ఎదురువడితే "నమస్తే సారూ" అని బాట పక్కకు జరిగెటోడు. ఒక్క మాటన్న జోకుగ అంటే బాగుండునని లింగమూర్తి వాని ముంగట సైకిలు ఆపి నిలవడెటోడు. వాడు తలకాయ వంచుకొనే ఉండెటోడు.

దసరకు ముంగట పర్మనెంటు ఆర్డరు వచ్చింది. పిల్ల తండ్రి లగ్గం పెట్టుకున్నడు. ఇగ పోకపోతే మనిషినే గాను అని లింగమూర్తి ఇచ్చోడల జిలేబి కట్టించుకొని మొర్రిగూడ పోయిండు.

బాలవ్వ వాకిట్ల జొన్నలు చెరుగుతున్నది. ఆయనను చూసి లేసింది, చాట పక్కన పెట్టింది, కొంగు తల మీదికి గుంజుకున్నది. ఇంట్లకెల్లి గొంగడి తెచ్చి మడతవెట్టి అరుగు మీద పరిచింది.

"కూసుండ్రి సారూ."

లింగమూర్తి కూసోలే. "అవ్వా, నేనే. లింగమూర్తిని" అన్నడు, ఎవరో అనుకున్నదేమోనని.

"ఎర్కే సారూ. చాయ్ తాగుతరా? పాలు పటేల్ ఇంట్లకెల్లి తెస్త."

"వద్దే అవ్వా." ఆయన జిలేబి పొట్లం ఇచ్చిండు. ఆమె రెండు చేతులతోటి తీసుకొని, కండ్లకద్దుకొని, గూట్లె పెట్టింది. ఇప్పి చూడలే. లింగమూర్తికి ఏడుపు ఆగలే. "అవ్వా, నేను పాడు మాట అన్న. నీ కూడు తిని నిన్నే దొంగను చేసిన. నాకు పర్మనెంటు అయింది గని ముద్ద దిగుతలేదు. తిట్టవే. నాలుగు మాటలు తిట్టు, చెప్పుతోటి కొట్టు, నేను పడత."

బాలవ్వ నిజంగనే బెదిరింది. ఆమె ముఖంల కోపం ఏం లేదు. ఉంటే ఆయన బతికిపోయెటోడు.

"తిట్టుడేంది సారూ, గంత మాటనకుండ్రి" అన్నది. "మిమ్ముల తిడ్తమా మేము? గిర్దావరు సాబులను, అమీను సాబులను సుత మేము ఎన్నడు ఒక్క మాట అనలే."

అని, పెట్టను అదిలించి, మల్ల చాట పట్టుకొని జొన్నలు చెరుగుకుంట కూసున్నది. లింగమూర్తి జరసేపు వాకిట్ల నిలవడ్డడు. ఆయన పోతే గని ఆమె తల మీది కొంగు తియ్యదని సమజై, సైకిలు తీసుకొని నడిచిండు.